మైపాడు ఇసుకలో మా టైర్లు

మైపాడు, ఆదివారం

అన్నా, మేమిద్దరం సముద్రం ఒడ్డున క్షేమంగా ఉన్నామని అమ్మకు చెప్పు.

పడకా, పొయ్యీ ఉన్న మా వ్యానుకు టైర్లు కొనేటప్పుడు నువ్వేమన్నావు? "ట్రాక్టర్ టైరు మాదిరి పెద్ద గట్లున్నవి ఏయించు. లేకపోతే ఇసకలో దిగబడి ఏడస్తావు" అన్నావు. మీ బావా నీ పక్షమే. నేను మాత్రం తారురోడ్డుకూ మట్టిదారికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లే, అంత బరువూ మోసేవి చూసి వేయించాను. నిన్న ఇసుకలోకి దిగేముందు వాటిలో కొంత గాలి తీసేశాను. ఊరగాయ జాడీ కూడా కదలకుండా బండి ఒడ్డుదాకా వెళ్ళింది.

మా వెనకే వచ్చిన జీపుకు నువ్వు చెప్పిన టైర్లే ఉన్నాయి. అవి తిరిగేకొద్దీ ఇసుకను తవ్వి ఇరుసుదాకా కూరుకుపోయాయి. "అక్కా, తాడేసి కొంచెం లాగతారా" అని అడిగినాడు జీపాయన. మా వ్యానును గట్టినేల మీద నిలిపి లాగాము. మడిలో అయితే టైరు నేలను కరవాలి, ఇసుకలో తేలాలి అన్నా.

నారు పోశారా? వదిన మోకాలినొప్పి తగ్గిందా? తీసేసిన గాలి ఇక్కడి షాపులో కొట్టించుకుని గురువారం వస్తాము. ఇకమీద ఇసుకలో దిగినప్పుడు కావాలి, నీ గాలిపంపు తీసిపెట్టు, పట్టుకుపోతాము. అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు.

ఫోనులో అయితే మధ్యలో అడ్డుపడతావని రాస్తున్నాను. కవరు ఉంది కానీ పోస్టుకార్డే వేస్తున్నాను, నీకన్నా ముందు మన కొడవలూరు పోస్టుమాన్ చదవాలని.

నీ చెల్లెలు
బిందు