చార్జింగ్ గన్ను

గోదావరిఖని,
ఆదివారం.

తమ్ముడు గిడియోన్‌కు అక్క క్రిస్టినా ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వూ బాగుండాలి. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. బాపు దగ్గు తగ్గలేదు. నీ బిడ్డ దీప, నాన్న కారు తేవడానికే పోయాడనుకుంటోంది. నువ్వు జైలుకు పోయినప్పటి నుంచి ఒక్క ములాఖత్‌కైనా ఎందుకు రాలేదని ఉత్తరంలో అడిగావు. నీ ముఖం చూస్తూ చెప్పలేని మాట ఒకటుంది తమ్మీ, అందుకే.

నువ్వు బుక్ చేసిన కారు సంగతి అడిగావు. దాన్ని ఎవరో ధరకు పైన డబ్బు పెట్టి తీసుకుపోయారు. అద్దం మీద నీ పేరు చీటీ గోకేస్తే జిగురు మరక మిగిలిందని నీ తోటి డ్రైవర్ ఎల్లన్న చెప్పాడు.

పోలీసులు గన్ను గన్ను అంటున్నారేమిటని అడిగావు. షోరూము వాచ్‌మన్ నర్సింగం ఠాణాకు పోయి, "సార్, గన్ను తోటి కొట్టిన్రు" అన్నాడట. ఎస్సై అదిరిపడి, "గన్నేందిరా? అన్నలు గిట్ల దిగిండ్రా ఏంది?" అని ఫోన్ అందుకున్నాడట. "గది గాదు సార్, కారుకు కరెంటెక్కిచ్చే గన్ను. పెట్రోలు పైపు లెక్కుంటది" అని వీడు చేయి తిప్పి చూపిస్తే ఠాణా అంతా నవ్వింది. నవ్వి, నీ మీద హత్యాయత్నం కేసు రాసింది.

చివర్లో నువ్వు అడిగిందే అసలుది. "అక్కా, నేను పిడికిలితోనే గుద్దిన. నా చేతిల గన్ను లేకుండె. వాని తల ఎట్ల పగిలింది?"

చెబుతాను. మొదటి నుంచీ చెబితే గాని నాకు చివరిదాకా చెప్పే ధైర్యం రాదు.

అద్దె బండ్ల కాంట్రాక్టరు ఇకమీదట ఎలక్ట్రిక్ బండే కావాలన్నాడని పాత కారు అమ్మి, కొత్తది బుక్ చేసి, ఎండాకాలమంతా ఎదురుచూశావు. బండి దిగిన రోజు మేనేజర్ శివ నిన్నూ నన్నూ బాపునూ షోరూములో కూర్చోబెట్టలేదు. వెనక యార్డుకు తీసుకుపోయాడు. అక్కడ కెమెరా లేదు. ధర మీద ధర మాట్లాడేది అక్కడే.

"బోర్డు మీది రేటు కంపెనీది. బండి నా చేతిలున్నది," అన్నాడు. "పైన లక్షన్నర వెడితే ఇయ్యాల్నే తాళం. లేకుంటే నీ ఎనక లైను నిలవడ్డది."

"అదే మాట కాగితం మీద రాసివ్వండి," అన్నాను.

"పాఠాలు కాలేజీల చెప్పుకోండ్రి మేడం."

బాపుకు ఇదేదీ వినబడలేదు. "నేను తవ్విన బొగ్గుతోటే కరెంటు, గా కరెంటుతోటే గీ బండి. మనింటిదే బిడ్డా" అని దారిపొడుగునా మురిసిన మనిషి, తెల్లటి బానెట్ మీద చేయి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. చర్మం కిందికి బొగ్గు దిగి నీలంగా మచ్చలు కట్టిన ఆ చేతిని శివ మణికట్టు దగ్గర పట్టి గుంజాడు. "ఓ పెద్దమనిషీ, గీతలు వడ్తయ్. పైసలు కట్టినంక మొక్కుకో!" బాపు తూలి బానెట్ అంచుకు కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది. శివ జేబురుమాలు తీసి ముందు బానెట్ మీది రక్తం తుడిచాడు.

నువ్వు గుద్దావు. అతను నిన్ను కింద పడేసి, ఛాతీ మీద కూర్చుని గొంతు నొక్కాడు. నీ కళ్లు తేలిపోయాయి. స్టాండుకు వేలాడుతున్న చార్జింగ్ గన్నును నేను లాగి, అతని తల వెనక కొట్టాను. ఆ చప్పుడు నా అరచేతిలోకి ఎక్కింది.

పట్టు వదిలింది. నువ్వు కళ్లు తెరవకుండానే దగ్గుతూ పక్కకు దొర్లి బోర్లా పడ్డావు. కథ ఇక్కడ ఆగితే బాగుండేది, తమ్ముణ్ణి కాపాడుకుంది అనేవాళ్లు. నేను మళ్లీ ఎత్తాను. అతను మోకాళ్ల మీదున్నాడు. మెడ మీదుగా రక్తం చొక్కాలోకి కారుతోంది. చేయి అడ్డం పెట్టి, "వద్దక్కా" అన్నాడు. అక్కా అన్నాడు తమ్మీ. విని, కొట్టాను. చెవి చీరుకుపోయింది.

ఒక్క మార్కు వెయ్యాలా వద్దా అని పేపరు ముందు సాయంత్రం దాకా ఊగిసలాడేదాన్ని. ఆ రెండో దెబ్బకు ముందు నాలో ఏ అనుమానమూ లేదు. బాపు రక్తానికి కొట్టానా, నీ గొంతుకు కొట్టానా, "పాఠాలు కాలేజీల చెప్పుకోండ్రి" అన్న మాటకు కొట్టానా, ఇప్పటికీ తేలలేదు. కొట్టినప్పుడు హాయిగా ఉండింది. అది మాత్రం నిజం.

నర్సింగం పరుగెత్తుకొచ్చేసరికి గన్ను నీ చేతి పక్కన పడి ఉంది. నేను నోరు తెరవలేదు. నా ప్రభుత్వ లెక్చరర్ ఉద్యోగం గుర్తొచ్చింది, అంతే. అంతా చూసిన బాపు ఎస్సైతో, "నాకు కండ్లు ఆనవు సారు" అన్నాడు. శివ బతికాడు గాని ఆ చెవి ఇక వినబడదట. యార్డులో ఎవరు కొట్టారో కూడా అతనికి గుర్తు లేదట.

ఈరోజు చర్చిలో ప్రభు బల్ల రొట్టె పళ్లెం వచ్చింది. బాపు తీసుకోకుండా పక్కవాళ్లకు అందించాడు. సంఘ పెద్ద అయ్యుండి అట్లా చెయ్యడం అందరూ చూశారు. ఇంటికొచ్చాక అడిగితే, "దిగదు బిడ్డా. కొడుకును లోపలికి తోలి బిడ్డను దాసుకున్న. ఏ మొఖంతోని తినాలె?" అన్నాడు.

రేపు పొద్దున ఠాణాకు పోతున్నాను. బాపు తానూ వస్తానంటున్నాడు. మొదటి దెబ్బ ఒక్కటే చెప్పండి మేడం, చాలు అంటున్నాడు వకీలు. రెండోదీ చెప్పాలనే ఉంది. అక్కడ కుర్చీలో కూర్చున్నాక నా నోరు ఏ దెబ్బ దగ్గర ఆగుతుందో నాకే నమ్మకం లేదు. జైలు అధికారులు ఈ ఉత్తరం విప్పి చదివాకే నీకు ఇస్తారు. నా నోరు ఆగినా ఇది ఆగకూడదనే ఏదీ దాచకుండా రాశాను. ఠాణాకు పోయే ముందే దీన్ని పోస్టు డబ్బాలో వేస్తాను.

ఇట్లు,
నీకంటే ముందు పుట్టి నీ వెనక దాక్కున్న
అక్క,
క్రిస్టినా