పడనివ్వని యంత్రం

మండల తహసీల్దారు గారి సముఖమునకు,

విడపనకల్లు పోవు రోడ్డులో వెల్డింగు షాపు పెట్టుకొని జీవించు రామాంజులు, తండ్రి కీ.శే. బసప్ప, వయస్సు 52, సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వీలింగు (ముందు చక్రము గాలిలోకి లేపి మోటారు సైకిలు నడుపుట) నేర్పు యంత్రము ఒకటి – తమరు సీలు వేసి కార్యాలయం వెనక పెట్టించినది – జాతర లోపల తిరిగి ఇప్పించుట గురించి.

నేను చదువుకోలేదు. ఈ అర్జీ నేను చెప్పగా రాయించినది. నా మాట ఒక్కటి కూడా మార్చరాదని రాసేవానికి గట్టిగా చెప్పి ఉన్నాను. కావున ఇందులోని కోపము నాది, అక్షరములు మాత్రము అతనివి.

1. సదరు యంత్రము దొంగసొత్తు కాదు, నాటుబాంబు కాదు. నా చేనిలో మూడు బోర్లు వేయించగా మూడూ ఎండినవి. ఆ బోర్ల ఇనుప పైపులు కోసి రోలర్లు చేసితిని. రోలర్ల మీద పాత మోటారు సైకిలు వెనక చక్రము తిరుగును, బండి మాత్రము ఉన్నచోటనే ఉండును. ఎక్సలేటరు తిప్పితే ముందు చక్రము గాలిలోకి లేచును. బండి వెనక్కి తిరగబడకుండా, బోరు మోటారును పైకి లాగు ఇనుప గొలుసుతో ముందు ఫోర్కును కింది చట్రమునకు బిగించితిని. చక్రము మనిషి ఛాతీ ఎత్తుకు రాగానే గొలుసు టక్కుమని పట్టుకొనును. ఎంత చేతగానివాడు ఎక్కినా పడడు. తొమ్మిది వందల అడుగుల కింద చుక్క నీళ్ళు ఇవ్వని పైపులు ఈ మాత్రమన్నా పనికి వచ్చినవని నేను సంతోషించుచుండగా తమరు సీలు వేసితిరి.

2. తనిఖీకి వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు యంత్రము చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏమప్పా, దీనికి బ్రేకు ఏదీ?" అని అడిగినారు. "యాడికీ పోని బండికి బ్రేకు ఎందుకు సార్?" అంటిని. అయినను 'బ్రేకు పెడలు లేదు' అని కాగితంలో రాసుకొని పోయినారు. ఆ పెడలు కాలికి అడ్డం పడుతుంటే నేనే కోసి పారవేసితిని. ఇది నేరమైనచో నా షాపులోని కుర్చీకి కూడా బ్రేకు లేదు. దానిని కూడా జప్తు చేయవలెను.

పోతూ పోతూ ఆయన "ఒడ్డునుంటే ఈత వస్తాదా రామాంజులూ? దీని మీద నేర్చుకుంటే రోడ్డు మీద వస్తాదా?" అని ఒక మాట అన్నారు. దానికి జవాబు తదుపరి పేరాలో చూడవలెను.

3. నేను వచ్చినవాడిని వచ్చినట్లు ఎక్కించువాడిని కాను. నలభై ఒక్క రోజుల మండలం పెట్టినాను. తెల్లవారి తలస్నానము చేయవలెను, చక్రము కింద నిమ్మకాయ పెట్టవలెను, మండలం నిండువరకు మాంసము, నీసు ముట్టరాదు. తమరిది రెవెన్యూ మండలం, నాది నలభై ఒక్క రోజుల మండలం. తమ మండలంలో కట్టుబాటు ఎంత ఉన్నదో నాకు తెలియదు, నా మండలంలో మాత్రము ఉన్నది. నా కుమారుడు కాక ఇంతవరకు అరవై ముగ్గురు ఎక్కినారు. బళ్ళారి వైపు నుండి కూడా వచ్చినారు. యంత్రము మీద ఒక్కడు పడి ఉంటే సగము మీసము గొరిగించుకొని తమ కార్యాలయం ముందు నిలబడతాను. అరవై ఇద్దరు యంత్రము మీదనే వీడియో తీయించుకొని, అందులో గొలుసు కనబడకుండా కత్తిరించుకొని ఇండ్లకు పోయినారు. మండలం మొత్తము చేసి రోడ్డు మీద లేపినవాడు ఒక్కడే. వాడే ఎర్రిస్వామి.

4. సదరు ఎర్రిస్వామి మా ఊరి మారెక్క కొడుకు, వయస్సు 27. డిగ్రీ చదివి, పోలీసు ఉద్యోగము కొరకు తెల్లవారితే చాలు రోడ్డు వెంబడి పరుగెత్తువాడు. రెండేండ్ల కిందట పీర్ల పండగ మరునాడు బైపాసు మీద చక్రము లేపి, వెనక్కి పడి, నడుము విరగ్గొట్టుకొన్నాడు. నడుము కింద స్పర్శ లేదు. ఇప్పుడు మూడు చక్రముల బండిలో తమ గేటు ఎదుటనే కూర్చొని ఉండును, తమరు రోజూ చూచుచునే ఉందురు. మూడు చక్రములున్నా ఇక ఒక్కటి కూడా లేపలేడు. (నవ్వి, ఇది కూడా రాయమని అర్జీదారుడు చెప్పినందున రాయడమైనది.)

అతడు పడుటకు నా యంత్రము కారణము కాదు. ముప్పై తొమ్మిదవ రోజున బస్టాండు బేకరీలో గుడ్డు పఫ్ తిన్నాడు. చూసినవారు ఉన్నారు. "ఎర్రిస్వామీ, నీసు తిన్న్యావు, చక్రం నీ మాట వినదు సూడు" అని ఆనాడే మొగం మీద చెప్పితిని. "గుడ్డు నీసు కాదులేన్నా" అన్నాడు. నీసు అవునో కాదో ఇప్పుడు అతని కాళ్ళను అడగవలెను. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పడినవాడు యంత్రమును అనుట ఏమి న్యాయము?

5. ఆ పొద్దు నా కుమారుడు ఓబిలేష్ ఫోనులో తీసిన వీడియో పెన్‌డ్రైవులో జతపరచడమైనది. దానిని నాలుగు లక్షల మంది చూసినారు. పడిన తరువాత కూడా అది నలభై ఏడు సెకన్లు నడుచును. అందులో ఎర్రిస్వామి వెల్లకిలా పడి, కాళ్ళు కదలక, "గొలుసేదన్నా? గొలుసేదీ?" అని ఐదుసార్లు అడుగుట స్పష్టముగా వినబడును. నడుము విరిగినవాడు 'అమ్మా' అనవలెను. కాదంటే 'నీళ్ళు' అనవలెను. మెడలోని గొలుసు కోసం ఏడ్చినవాని బుద్ధి ఎటువంటిదో తమరే గ్రహించవలెను. పిల్లోళ్ళు రోడ్డు పక్క కంపచెట్లన్నీ వెతికినా గొలుసు దొరకలేదు. అప్పటి నుండి ఊరంతా 'గొలుసు ఎర్రిస్వామి' అందురు. ఆ పేరు నేను పెట్టినది కాదు.

6. రెండేండ్లు ఊరకున్న మారెక్క, నా కుమారుడు యంత్రమెక్కినాడని తెలిసిన వారమునకే తమ వద్దకు వచ్చి ఏడ్చి అర్జీ ఇచ్చినది. అంతకుముందు నా షాపు ముందర నిలబడి, "నీ కొడుకన్నా బాగుండనీ రామాంజులూ, దాన్ని తీసి పారెయ్యప్పా, నీకు దండం పెడతా" అన్నది. మంచి చెడ్డ తెలిసినవారు ఎవరైనా దీనిని శాపనార్థము అనకుండా మరేమందురు? తమరు మాత్రము కన్నీళ్ళు చూసి కరిగినారు.

7. తమ అటెండరు నా యంత్రము మీద తువ్వాళ్ళు ఆరవేయుచున్నాడు. గొలుసు తుప్పు పట్టును.

8. నా కుమారుడు ఓబిలేష్, వయస్సు 21, నాకు ఒక్కడే. ముప్పై నాలుగు రోజులు నిష్ఠగా చేసినాడు. గుడ్డు కాదు గదా, గుడ్డు పెంకు కూడా తాకలేదు. ఇక ఏడు రోజులున్నవి. మధ్యలో ఆగినది ఎట్లా అని పూజారిని అడగగా, ఆ ఏడూ చేస్తే చాలునన్నాడు. జాతర ఈ నెల ఇరవై మూడవ తేదీ. రథము వెనక వాడు చక్రము లేపి వీధి ఈ కొస నుండి ఆ కొసకు పోవునని అందరికీ చెప్పుకొని ఉన్నాను. "లేపురా అబ్బీ, నీకు వచ్చేసినాది" అంటే వినడు. "మండలం నిండకుండా రోడ్డెక్కను నాయనా. ఎర్రిస్వామన్నకు ఏమాయనో సూసినావు గదా" అంటాడు. వాడు లేపనిచో, యంత్రము మీద నేర్చినవాడెవడూ రోడ్డుకు పనికిరాడని లోకము తీర్మానించును. నా మొగము చెల్లదు. మా నాయన బోర్లు వేసి ఓడిపోయినాడు, నేను బోర్లు వేసి ఓడిపోయినాను. ఈ ఒక్కటి గెలిపించుడని వేడుకొనుచున్నాను.

కావున తమరు దయతో చిత్తగించి, సదరు యంత్రమును గొలుసుతో సహా పదిహేనవ తేదీ లోపల నాకు అప్పగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
రామాంజులు
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర)

దస్తూరి: ఎర్రిస్వామి, తమ కార్యాలయం గేటు ఎదుట, టార్పాలిన్ పట్ట కింద.

తా.క.

అయ్యా, పై అర్జీలోని సదరు ఎర్రిస్వామిని నేనే. ఈ చుట్టుపక్కల అర్జీలు రాసేది నేనొక్కణ్ణే కాబట్టి రామాంజులన్నకు నా దగ్గరికి రాక తప్పలేదు. "నీ గురించి రాసేతప్పుడు కష్టమైతే చెప్పప్పా, రేపొస్తా" అన్నాడు. రేపటిదాకా ఆగలేదు. చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాను. ఇప్పుడు రాస్తున్నది ఆయనకు చదివి వినిపించను. "ఇంకా ఏం రాస్తాండావు?" అని అడిగాడు. "జతపరిచిన వాటి వివరమన్నా" అన్నాను.

గుడ్డు పఫ్ తిన్నమాట నిజమే. మెడలో గొలుసు మాత్రం నాకు ఏనాడూ లేదు. మా ఇంట్లో ఎవరికీ లేదు.

నేనడిగింది రామాంజులన్న గొలుసును. నలభై ఒక్క రోజులు, చక్రం పైకి పోయిన ప్రతిసారీ అది టక్కుమని పట్టుకుంది. ఆ చప్పుడు వినపడేదాకా ఎక్సలేటరు తిప్పడమే నేను నేర్చుకున్నది. బైపాసు మీద చక్రం లేచింది, ఛాతీ దాటింది, తల దాటింది. పాదం ముందరే బ్రేకు ఉంది. పదేళ్ళు తొక్కిన బ్రేకే. నొక్కి ఉంటే చక్రం కిందికి దిగేది. నేను నొక్కలేదు. భయం కూడా వేయలేదు. గొలుసు పట్టుకుంటుందని కాచుకుని ఉన్నాను. వీపు రోడ్డుకు కొట్టుకున్నాక కూడా, ఇంకా పట్టుకోలేదేమని అడిగాను. ఓబిలేషు ఫోను దించలేదు. "బంగారు గొలుసంట రా, వెతకండి" అని నవ్వాడు. పెన్‌డ్రైవు పెట్టి వినండి, నేను పడ్డాక ముప్పై ఒకటో సెకను దగ్గర ఆ నవ్వు ఉంటుంది. నాలుగు లక్షల మందీ ఆ నవ్వుతోపాటే నవ్వారు. నేను ఆస్పత్రిలో ఉండగా నా మంచం పక్క నిలబడి మళ్ళీ పెట్టి చూపించాడు, ఎంతమంది చూశారో చూడన్నా అని.

యంత్రం మీద ఒక్కడూ పడలేదని రామాంజులన్న అన్నది అక్షరాలా సత్యం. పడబోయేటప్పుడు ఏం చేయాలో తెలుసుకునే అవసరం అక్కడ ఎవరికీ రాలేదు. ఓబిలేషుకూ రాలేదు.

ఈ సంగతి మా అమ్మకు చెప్పలేదు. చెబితే ఆమె రామాంజులన్న కాళ్ళు పట్టుకుని అయినా చెప్పి వస్తుంది. ఆమె తెచ్చిన అర్జీ కూడా నేను రాసిందే. ఏడుస్తూ చెప్పింది కాబట్టి రాశాను. దాన్ని తోసిపుచ్చమని నా మనవి.

యంత్రం ఇవ్వకపోతే ఓబిలేషు రోడ్డెక్కడు. ఇస్తే ఏడు రోజులూ చేసి ఇరవై మూడో తేదీన లేపుతాడు. కనుక ఇప్పించండి. గొలుసుకు తుప్పు పట్టి ఉంటే కాస్త నూనె కూడా పూయించండి. ఈ మాట ఎరిగినవాళ్ళం ఇద్దరమే, రాసిన నేను, చదివిన తమరు. నేను రెండేళ్ళుగా నోరు విప్పలేదు, ఇకమీద కూడా విప్పను. తమరి సంగతి తమరి చిత్తం.

వాళ్ళ నాయనను తీసుకుపోవడానికి ఓబిలేషు ఇప్పుడే వచ్చాడు. బండి దిగకుండానే, "ఏమన్నా, మా అర్జీ బాగా రాసినావా?" అని అడిగాడు.

"నాది అనుకోని రాసినా అబ్బీ" అన్నాను.

"అది సరేగానీ అన్నా, ఆ గొలుసు యాడన్నా దొరికినాదా?" అని నవ్వాడు. రామాంజులన్న కూడా నవ్వాడు.

"లేదబ్బీ. జాతర పొద్దు నువ్వు సూడు, నీకేమన్నా దొరుకుతాదేమో."

"సూస్తాలే అన్నా" అని వాళ్ళ నాయనను ఎక్కించుకుని పోయాడు.