పంటి కింద దారం

ఆర్మూర్,
1997 మార్చి.

సౌభాగ్యవతి పద్మకు ఆశీస్సులతో శ్రీపతి రాస్తున్నది. ఇక్కడ నేను, అడ్తి కొట్టు, నువ్వు అప్పజెప్పి వెళ్లిన తులసి చెట్టు క్షేమం. సోలాపూర్‌లో నువ్వు, అత్తమ్మ, మీ తమ్ముడి పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తమ్మ కుడిచెయ్యి కాస్త కదులుతోందని రాశావు, చదివి మనసు కుదుటపడింది. పక్షవాతం మెల్లగా దిగే జబ్బు, నువ్వూ తొందరపడకు.

పోయిన ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వేళకు తింటున్నానా, దవడ నొప్పి తగ్గిందా, పక్కింటి కమలాబాయి నీకు రాసింది నిజమేనా అని. మొదటి రెండింటికీ ముందు జవాబు చెబుతాను. మూడోది చివరన చెబుతాను, కోప్పడకు.

తింటున్నాను. పొద్దున్నే జొన్నరొట్టె నమలలేక జొన్నరవ్వతో మెత్తగా గట్క వండుకుని మజ్జిగ పోసుకుంటున్నాను. నా గట్కలో గట్క తక్కువ, ఉండలు ఎక్కువ. ఉప్పు ఎక్కువైతే తిట్టడానికి కూడా మనిషి లేక నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఇక దవడ. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగకుండా హైదరాబాద్ పళ్ల డాక్టరు ఇచ్చిన క్లిప్పు కింది దవడను ముందుకు లాగి పట్టుకుంటుంది కదా. ఊపిరికి దారి దొరుకుతుంది గాని దవడ పని అయిపోతుంది. పొద్దున తీసేసరికి చెవుల ముందు ఒకటే సలుపు, ముందుపళ్లు జివ్వుమంటాయి, వెనకపళ్లు ఒకదానికొకటి అందవు. ఎవరి నోరో అరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడుతున్నాను. డాక్టరు చెప్పినట్టు మెల్లగా పళ్లు నొక్కి పట్టుకుంటున్నాను.

పళ్లు కలిశాయో లేదో చూసే నీ దారం పరీక్షే కుదరడం లేదు. కుట్టుదారం నా వెనకపళ్ల మధ్య పెట్టి రెండో కొస నువ్వు లాగేదానివి. జారిపోతే “ఇంక కలువలే, జర కూసోండ్రి” అని ఆపేదానివి, నిలిస్తేనే కొట్టుకు పంపేదానివి. ఇప్పుడు కరిచేదీ నేనే, లాగేదీ నేనే. అందులో ఎంత మోసం చేసుకోవచ్చో నీకు వేరే చెప్పాలా.

బజారు నిండా కొత్త పసుపు. రైతుల సరుకు అమ్మిపెట్టే మన అడ్తిలో కొమ్ము కొరికి చూడనిదే బేరం మొదలుకాదు కదా. మా నాయన నేర్పిందే అది. టక్కున విరిగితే బాగా ఎండినట్టు, పంటి కింద నలిగితే పచ్చి ఉన్నట్టు. నువ్వు వెళ్లిన కొన్నాళ్లకు ఆలూర్ రైతు లింగన్న బస్తాలు దించాడు. ఆ పొద్దున దారం పెట్టి చూసుకోకుండానే కొట్టుకు పోయాను. కొమ్ము కొరికితే నలిగినట్టే జారింది. పచ్చిగా ఉంది, ఇంకా ఎండబెట్టుకుని రమ్మని కొనేవాళ్లందరి ముందూ అనేశాను. లింగన్న ఆ కొమ్మునే తీసుకుని చేత్తో విరిచాడు. గాజు పగిలినట్టు మోగింది. పసుపు ఎండే ఉంది, నా పళ్లే కలవలేదు. అందరూ నవ్వారు. మాట వెనక్కి తీసుకునేలోగా లింగన్న బస్తా మూతి కట్టుకున్నాడు. మా నాయన కాలం నుంచి మన దగ్గరికే వచ్చే ఇల్లు వాళ్లది. సిగ్గుతో చచ్చిపోయాను పద్మా.

ఇక మూడో సంగతి. కమలాబాయి అబద్ధం రాయలేదు. గోడ అవతలికి నా గురక మళ్లీ వినిపించింది నిజం. లింగన్న వెళ్లిపోయిన రోజు నుంచి క్లిప్పు తీసి డబ్బాలో పెట్టేశాను, నీకు మాత్రం పెట్టుకుంటున్నానని రాస్తూ వచ్చాను. పళ్ల కోసమే, కొట్టు కోసమే అని నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే కాదు. నాకు బాగాలేదని ఎవరైనా నీకు చేరవేస్తే నువ్వు వచ్చేస్తావని లోపల ఆశ. అత్తమ్మ మంచంలో ఉండగా ఇలాంటి ఆశ పెట్టుకున్నవాణ్ని ఏమనాలనిపిస్తే అది అను. ఒక్కణ్ని ఉండలేకపోతున్నాను.

వేరే అడ్తి చూసుకుంటాడనుకున్న లింగన్న మొన్న మళ్లీ మన కొట్టుకే వచ్చాడు. రాత్రులు నిద్ర లేక పగలంతా తూగుతున్నవాణ్ని. గద్దె మీద కూర్చుని చిన్న కొమ్ము పంటి మధ్య పెట్టుకున్నాను, కొరకకముందే నిద్రపోయాను. కొమ్ము గొంతులోకి జారింది. కళ్లు తెరిస్తే ఊపిరి ఆడడం లేదు. లింగన్న నన్ను ముందుకు వంచి వీపు మీద గట్టిగా గుద్దితే అది బయటపడింది.

నీళ్లు తాగాక క్లిప్పు సంగతంతా అతనికి చెప్పేశాను. అతను గద్దె మీద నా పక్కనే కూర్చున్నాడు.

“సావుకారీ, పద్మక్క ఊర్ల లేదనే గిట్ల చేస్తున్నవా?”

నేను తల వంచుకుని కిందపడ్డ కొమ్ము తీసి పక్కన పెట్టాను.

“గా క్లిప్పు పెట్టుకో. పొద్దెక్కినంకనే కొట్టు తియ్యి. నా బస్తాలు యాడికి పోవు, నేను కూసుంట.”

ఆ రోజు నుంచి మళ్లీ పెట్టుకుంటున్నాను. నొప్పి అలాగే ఉంది. ఉగాది వెళ్లాక హైదరాబాద్ పోయి క్లిప్పు కాస్త వదులు చేయించుకుంటాను. ఇవాళ పొద్దున లింగన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. దారం రెండో కొస అతని చేతికిచ్చాను. లాగాడు, జారిపోయింది. “ఇంక కలువలే, కూసో” అన్నాడు. నీ మాటే అది, అతనికి ఎవరూ చెప్పలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అతను తల తిప్పుకుని బజారు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎండ అరుగు మీదికి వచ్చాక మళ్లీ లాగాడు, ఈసారి దారం నిలిచింది.

ఆ ముక్క ఇందులో పెడుతున్నాను. నా పళ్ల గుర్తులు ఉన్నాయి, పసుపు కూడా అంటి ఉంటుంది. అది చూసైనా నన్ను నమ్ము. కమలాబాయి మాటకు బెదిరి అత్తమ్మను వదిలి రాకు. ఆమె లేచి నాలుగడుగులు వేశాకే రా. రాకు అనే ఈ రెండక్షరాలు రాయడానికే ఇంత ఉత్తరం పట్టింది.

ఇట్లు,
దారం ఒక కొస పట్టుకుని ఉన్న
నీ భర్త
శ్రీపతి