పరంజా ముడి

కామాటిపురా, పదో గల్లీ,
జూన్ 6.

సౌభాగ్యవతి రేణుకకు శంకర్రావు రాస్తున్నది. ఇక్కడ నేను, మన సారిక బాగానే ఉన్నాం. మక్తల్‌లో నువ్వూ, కిష్టమ్మత్తా అలాగే ఉన్నారని తలుస్తాను. అత్త తుంటి ఎముక అతుకుతోందని, గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందని రాశావు. సంతోషం. ఫోన్ ఉండగా మళ్లీ ఉత్తరమేమిటని నవ్వుకోకు. అక్కడ మీరు ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడతారు, అత్త మంచం చుట్టూ ఎప్పుడూ నలుగురుంటారు. ఇక్కడ మన గదిలో తుమ్మితే పక్క గదిలోంచి చిరంజీవ అంటారు. ఈ సంగతి అలా చెప్పేది కాదు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబు రాస్తాను. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. సారిక పొద్దున ఎనిమిదికల్లా గ్రాంట్ రోడ్‌లో బండెక్కుతోంది, డబ్బా మాత్రం సగం తినకుండానే తెస్తోంది. మన గదికి ఏమీ కాలేదు, కింది అంతస్తు కదా. టీవీలో చూపించింది మన చాల్ బిల్డింగు పైకప్పేనా అని అడిగావు. మనదే. మీ తమ్ముడి గురించి అడిగిన దానికి చివర్లో రాస్తాను.

ముందు గాలి సంగతి. నాకు యాభై ఎనిమిదేళ్లు, ఇక్కడే పుట్టాను. వరదలు చూశాను, గోడలు కూలడం చూశాను, ఇది మాత్రం చూడలేదు. మే పదకొండున సాయంత్రం నాలుగు దాటింది. వెలుతురు పసుపురంగుకు తిరిగింది. సెంట్రల్ స్టేషన్ వైపు నుంచి నల్లటి గాలి ఒకటి నిలువుగా లేచి గిరగిరా తిరుగుతూ వచ్చింది. పరుగెత్తాలని ఎవరికీ తెలియదు. జనమంతా గ్యాలరీల్లోకి వచ్చి ఫోన్లు పైకెత్తారు. రెండో అంతస్తు పెంటమ్మ చెప్పు చేతపట్టుకుని గాలికి ఎదురుగా నిలబడి మూడుసార్లు ఉమ్మింది. "మా ఊళ్లె సుడిగాలొస్తె గిట్లనే చేస్తం, భయపడి పోతది" అంది. నిజంగానే పోయింది. పోతూ పోతూ మూడు గల్లీల పైకప్పులు పట్టుకుపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. తన చెప్పుకు జడిసే పోయిందని పెంటమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతోంది.

మర్నాడు వార్డు ఆఫీసు నుంచి ఒకాయన కాగితాలు పట్టుకుని వచ్చాడు. అందులో నిప్పు, వరద, భూకంపం, శిథిల భవనం అని గళ్లున్నాయి. సుడిగాలికి గడి లేదు. కాసేపు కలం కొరుక్కుని 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి పోయాడు. మనకు ఇది ఎంత కొత్తో దాన్ని బట్టే తెలుసుకో.

మన చాల్ పై అంతస్తు తారాబాయి నీ స్నేహితురాలు కాబట్టి ఆమె సంగతి వివరంగా రాస్తున్నాను. ఆ సమయంలో ఆమె బియ్యం ఏరుకుంటోంది. కప్పు లేచిపోయింది. మిగిలిన పెంకులు, ఒక వాసం ఆమె మీద పడ్డాయి. ఎడమ తొడ, భుజం విరిగాయి. ప్రాణానికి భయం లేదని డాక్టర్లు ఇరవై రోజుల తర్వాత చెప్పారు. ఇక మంచం మీద నుంచి లేచి నడుస్తుందో లేదో మాత్రం చెప్పడం లేదు.

ఇప్పుడు నీ ప్రశ్న. "మా తమ్ముడు అంత నిర్లక్ష్యంగా ఎట్ల కట్టిండు? మీరు వాణ్ని గట్టిగ అడిగిండ్రా?" అని రాశావు. నువ్వు విన్నది గల్లీ అంతా అనుకుంటున్నదే. వానాకాలానికి ముందు చాల్‌ల పెంకుల మీద టార్పాలిన్ తాడ్‌పత్రులు కట్టే పని నాదీ, మీ తమ్ముడు మంగేష్‌దీ. మన చాల్ మీద నేను కట్టాను. పక్క చాల్ మీద వాడు కట్టాడు. గాలి వెళ్లిపోయాక చూస్తే తారాబాయి విరిగిన కప్పు మీద మంగేష్ నీలం తాడ్‌పత్రి పడి ఉంది. వాడు ఇటుకలు, ఇసుక సంచులు బరువు పెట్టి మామూలు ముడి వేస్తాడు. అది వదులై ఎగిరి వచ్చి మన కప్పును లాగేసిందని అందరూ తేల్చేశారు. శంకర్రావు ముడి ఎన్నడైనా ఊడిందా అన్నారు. ఊడలేదు. అదే అసలు సంగతి.

మా నాన్న పరంజాలు కట్టేవాడని నీకు తెలుసు. బొంగుకు బొంగు కలిపి వేసే ఆ ముడి లాగేకొద్దీ బిగుస్తుంది. దాని మీద మనుషులు నిలబడి ఇటుకలు మోస్తారు, అందుకే అలా వేస్తారు. నేను అదే ముడితో తాడ్‌పత్రిని వాసాలకు కట్టేవాణ్ని. చుట్టూ వేలు దూరే సందు కూడా వదలను. ముప్ఫై ఏళ్లు వాన ఒక్క చుక్క దిగలేదని నాకు పేరు. వాన పైనుంచి పడుతుంది. ఈ గాలి కిందినుంచి లేచింది. మంగేష్ తాడ్‌పత్రి ముడి విడిపోయి ఒక్కటే ఎగిరింది, ఆ చాల్‌లో పది పెంకులు కూడా పోలేదు. నాది విడిపోలేదు. వాసాలతో, పెంకులతో సహా కప్పును ఎత్తుకుపోయింది. ఆ తర్వాతే మంగేష్‌ది వచ్చి ఆ ఖాళీలో పడింది.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. మర్నాడు పొద్దున ఫోరస్ రోడ్‌లో పాత ఇనుము కొనే భంగార్ దుకాణం పక్కన నా ఆకుపచ్చ తాడ్‌పత్రి దొరికింది. విరిగిన వాసం ముక్క దానికే వేలాడుతోంది, ముడి చెక్కుచెదరలేదు. వార్డు ఆఫీసు మనిషి అప్పటికింకా రాలేదు. నేను కత్తి తీసి తాడు కోశాను. వాసాన్ని చెత్తకుప్పలోకి తోసి, తాడ్‌పత్రి మడిచి చంకన పెట్టుకుని ఇంటికి వచ్చాను. అది తలుచుకుంటేనే ఇప్పుడు నా మీద నాకు అసహ్యం వేస్తోంది.

ఆ తర్వాత చేసింది ఇంకా హీనం. తారాబాయి కొడుకు రితేశ్ టీ కొట్టు ముందు మంగేష్ కాలర్ పట్టుకుని చెంప మీద కొట్టాడు. మంగేష్ తల దించుకుని నిలబడ్డాడు. నేను అక్కడే టీ తాగుతున్నాను. లేచి వెళ్లి, "పోనీ రితేశ్, గల్తీ అయింది, ఛోడ్ దే" అన్నాను. నా తప్పును వాడి పేరు మీద నేనే క్షమించేశాను. ఎంత పెద్దమనసు అని జనం నన్ను మెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి గల్లీలో మంగేష్‌ను పనికి పిలిచినవాళ్లు లేరు. వాడు కట్టాల్సిన కప్పులకు కూడా నన్నే పిలుస్తున్నారు.

పోయిన ఆదివారం వాడు మన గదికి వచ్చాడు. "బావా, నీ ముడి నాకు నేర్పు. అందరు అదే అడుగుతున్రు" అన్నాడు. గ్యాలరీలో కూర్చుని రెండు గంటలు నేర్పాను. వాడు మధ్యమధ్యలో ఆగి నా మొహం వైపు చూశాడు. సరిగ్గా వస్తోందా అని అడుగుతున్నాడనుకుని, బాగుంది, ఇంకా లాగు అన్నాను. ధారావిలో తెలిసినవాళ్ల వర్క్‌షాప్ కప్పు ఒకటి వాడికి ఇప్పించాను కూడా. దాంతో నా మనసు కాస్త తేలికపడిందని ఒప్పుకుంటున్నాను.

నిన్న పొద్దున మళ్లీ పెద్ద గాలి రావచ్చని ఫోన్లకు హెచ్చరిక వచ్చింది. ఆ వర్క్‌షాప్‌లో ముప్ఫై మంది ఆడవాళ్లు మిషన్ల మీద కుడతారు. వాళ్ల నెత్తిన నేను నేర్పిన ముడి ఉంది. ఉన్నపళంగా ధారావికి పోయి నిచ్చెనెక్కాను. పైన మంగేష్ ఇసుక సంచులు సర్దుతున్నాడు. చూస్తే ఒక్క పరంజా ముడి కూడా లేదు. ఎప్పటి ముడులే, ఎప్పటి సంచులే.

"నేను నేర్పింది వెయ్యలేదేం?" అన్నాను.

వాడు చేతి పని ఆపలేదు. "ఆ ముడి నాకెందుకు బావా. నాది తారాబాయి కప్పు మీద దొరికె, మరి నీ తాడ్‌పత్రి ఎటు పోయిందని ఎతుక్కుంట నేను గూడ ఆ పొద్దున ఫోరస్ రోడ్ వచ్చిన. నువ్వు కోస్తుంటె దుకాణం ఎనకనే ఉన్న."

"మరి నేర్చుకోవడానికి ఎందుకొచ్చావు?"

"ముడి చేతిల ఉన్నప్పుడన్న చెప్తవేమో అని వచ్చిన. రెండు గంటలు కూసున్న."

"రితేశ్ కొట్టినప్పుడైనా చెప్పకపోయావా? అక్కకైనా రాయకపోయావా?" అని అడిగాను. వాడు చొక్కా జేబులోంచి నువ్వు రాసిన ఉత్తరం తీసి నా చేతిలో పెట్టాడు. 'నిన్ను తమ్ముడని చెప్పుకోవడానికి సిగ్గయితుంది' అన్న చోట మడత నలిగి చిరిగింది.

"అక్క లోకంల నమ్మేది నిన్నొక్కణ్నే" అన్నాడు. "ఆ నమ్మకం తియ్యబుద్ధి కాలే."

అక్కణ్నుంచి నేరుగా రితేశ్ దగ్గరికి పోయాను. వాడు మంగేష్‌ను కొట్టిన టీ కొట్టు ముందే, అంతమంది వింటుండగా చెప్పాను. వాడు నన్ను కొట్టలేదు, లేచి వెళ్లిపోయాడు. ఈ పొద్దున ఆసుపత్రికి పోయి తారాబాయికి చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది, తిరిగి తెరవలేదు. కాసేపు కూర్చుని వచ్చాను. సారికకు చెప్పాను, నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఇక మిగిలింది నువ్వే.

నాకు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. రెండు ఉత్తరాలు రాసే ఓపిక లేకపోతే ఒక్కటే రాయి, అది వాడికి రాయి.

ఇట్లు,
నీ పెనిమిటి, మంగేష్ బావ
శంకర్రావు