నోరు కట్టేసుకున్న కోచ్

సోమవారం
కొత్త దేశం, కొత్త హాకీ జట్టు, కొత్త నేను! పాత జట్టు నన్ను సాగనంపింది నా నోటి వల్లే. అందుకే విమానం ఎక్కేముందు మా ఆవిడ చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాను. ఇక అరవను. ఆదివారం అర్హత మ్యాచ్. గెలిస్తే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. అమ్మాయిలు బంగారం. ఏం చెప్పినా తలూపుతారు.

మంగళవారం
ఉదయం: తలూపారు.
సాయంత్రం: చెప్పిందేదీ చెయ్యలేదు. నవ్వాను.
ప్రాక్టీసులో కెప్టెన్ సరిగ్గా గోల్ కీపర్ కళ్ళకి అడ్డంగా నిలబడింది. బంతి లోపలికి. మళ్ళీ నిలబడింది. మళ్ళీ లోపలికి. జరగమని చెప్పవేం తల్లీ అని గోల్ కీపర్‌ని అడిగాను. జట్టులో అందరికంటే చిన్నది. నేనేదో బూతు మాట్లాడినట్టు చూసింది.
"అక్క పెద్దది కదా సార్. జరగమని ఎలా అంటాను?"

బుధవారం
పెద్దాచిన్నా పట్టింపు మైదానం బయటే వదిలేద్దామని మెత్తగా ఉపన్యాసమిచ్చాను. తలూపారు. ఆ వెంటనే మంచినీళ్ళ దగ్గర వయసు వరసలో నిలబడ్డారు. విజిల్ కొరికాను. కొరకడం అరవడం కిందికి రాదు.

గురువారం
కారు అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చుని కసిదీరా అరిచాను. ఎవరికీ వినపడలేదు కాబట్టి లెక్కలోకి రాదు. గొంతేమైందని మా ఆవిడ ఫోన్లో అడిగింది. ఇక్కడి నీళ్ళు పడలేదన్నాను.

శుక్రవారం
కెప్టెన్ ఏడుస్తోంది. జట్టంతా కళ్ళు తుడుచుకుంటోంది. జట్టు మేనేజరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఇక్కడ అరిచేది సొంతవాళ్ళ మీదేనట. మర్యాదలన్నీ చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకేనట.
"మీరు తిట్టడం లేదంటే, మా మీద ఆశ వదిలేసుకున్నారని పిల్లల బాధ సార్."
ఇన్నాళ్ళూ పళ్ళు బిగపట్టి నవ్వింది ఇందుకా? ప్రాణం ఉసూరుమంది. అయినా ఒట్టు ఒట్టే.

ఆదివారం
ఆఖరి నిమిషాలు. ఒక గోల్ ముందున్నాం. అవతలివాళ్ళు బంతితో మా గోల్ మీదికొచ్చారు. కెప్టెన్ మళ్ళీ అక్కడే, అడ్డంగా! గోల్ కీపర్ నోరు తెరిచింది. మూసేసింది.
ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.
"జరగవే!"
కెప్టెన్ ఒక్క గెంతు గెంతింది. బంతి ఆగింది. కెప్టెన్ నా వైపు తిరిగి మొహమంతా నవ్వింది. ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేదు. అంపైర్ కార్డు చూపించినా ఆగలేదు. బంతి మళ్ళీ వచ్చింది. అప్పుడు గోల్ దగ్గర్నించి ఓ కేక.
"సార్, కాస్త నోరు ముయ్యండి! నా మాట అక్కకి వినపడట్లేదు. అక్కా, ఎడమకి జరుగు!"
కెప్టెన్ మారుమాట్లాడకుండా జరిగింది. బంతి ఆగింది. గెలిచాం. నేను బెంచీ మీద కూలబడి ఏడ్చాను, చప్పుడు చెయ్యకుండా.

సోమవారం
ఒట్టు మళ్ళీ మొదలు. ఇక అరవను. ఈసారి మాటిచ్చింది గోల్ కీపర్‌కి.
ఉదయం ప్రాక్టీసుకి ఆలస్యంగా వెళ్ళాను. గోల్ కీపర్ అందరి ముందూ నా మీద అరిచింది.
తలూపాను.