చప్పుడు విన్నాకే తలెత్తింది

అత్తయ్యగారికి నమస్కారాలు. ఇక్కడ ఇద్దరం క్షేమం.

"చెయ్యి విరిగినదానికి గోల్ఫ్ ఏమిటి, మాన్పించండి" అని రాశారు. మణికట్టు పూర్తిగా అతుక్కుంది, బెంగపడకండి. బలంగా కొట్టవద్దని డాక్టరు అన్నందుకు మీ అమ్మాయి, బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేసే పటింగ్ ఒక్కటే పట్టుకుంది. మొదట్లో రెండడుగుల దూరం నుంచి కూడా గురి తప్పి, ఏడుపు మొహంతో ఇంటికొచ్చేది. నేర్పే టీచరమ్మ, "బంతి వెనకాలే చూపు పోనివ్వకమ్మా. పడిన చప్పుడు విన్నాకే తలెత్తు" అందట. ఇక నడవాలో తివాచీ పరిచి, గ్లాసు పడుకోబెట్టి, పొద్దున కాఫీ కంటే ముందు అదే పని.

నిన్న జంటల పోటీలో ఇద్దరం ఒకే బంతిని వంతులవారీగా ఆడాం. ఆఖరి గుంత దగ్గర నేను తగుదునమ్మా అంటూ గట్టిగా కొట్టి, బంతిని వాలు పైకి తోలేశాను. అక్కడినుంచి ఒక్క దెబ్బకు పడితేనే గెలుపు.

"మెల్లగా" అన్నాను.

"మీరు కాస్త ఊరుకోండి" అంది.

బంతి వాలు వెంట వంపు తిరిగి వస్తుంటే నేను మెడ చాచి దాన్నే చూస్తున్నాను. తను మాత్రం వంచిన తల ఎత్తలేదు. టక్కుమని చప్పుడయ్యాకే ఎత్తి నవ్వింది. ఈవిడ మా ఇంటావిడేనా అని చూస్తూ ఉండిపోయాను.

మామయ్యగారి కంటి ఆపరేషన్ ఎప్పుడు? ఆయన స్వెటర్ కొలతలు పంపండి, ఊలు కొన్నాం. నేనెంత పొగిడినా మీ అమ్మాయి "మీరు సరే, అమ్మ ఏమంటుందో" అంటోంది. ఆ మాటేదో మీరే తనకు రాయండి.

మీ అల్లుడు