గుప్పిట్లో సీసా

జనవరి 9

నా భార్య చివరి రోజు ఎలా గడిచిందో రాసి పెట్టుకుంటున్నాను. పొద్దున నర్సు వచ్చి సెలైన్ మార్చింది. అత్తయ్య తన కూతురి తల దువ్వింది. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పుడే తెలిసింది. మధ్యాహ్నం ఆమె కళ్ళు తెరిచి, ల్యాబ్‌లో ఈ గురువారం బ్యాచ్ ఎవరు కలుపుతారు అని అడిగింది. తెలియదన్నాను. నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచీ ఎప్పుడూ కాగుతున్నట్టుండే చెయ్యి, చల్లగా ఉంది. రుద్దాను. వేడెక్కలేదు. సాయంత్రం పోయింది.

జనవరి 20

ఆమె బాస్ పలకరించడానికి వచ్చాడు. ఇంట్లో మేం ఆయన్ని నిలువుటద్దం అనేవాళ్ళం. ఎవరి పనిలో చూసినా ఆయనకి ఆయనే కనిపిస్తాడని ఆమె పెట్టిన పేరు. తీరని లోటండీ అన్నాడు. ఆ మాట పూర్తయ్యీ కాకముందే ఆమె కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగాడు. ఇచ్చాను. అత్తయ్య పెట్టిన టీ తాగలేదు. చక్కెర మానేశాడట.

జనవరి 21

ఇవ్వకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 6

ల్యాబ్‌లో ఆమె పక్క బల్ల అమ్మాయి ఫోన్ చేసింది. ఆమెని అక్కా అనేది, నన్ను బావగారూ అంటుంది. అక్క పోయాక ఒక్క బ్యాచ్ కూడా కుదరలేదు బావగారూ అని ఏడ్చింది.

ఆ పని గురించి నాకు తెలిసింది ఇంతే. కంటికి కనబడని కొవ్వు బుడగలు, నానోపార్టికల్స్. వాటిలో జన్యువును పెట్టి ఒంట్లోకి పంపుతారు. అందరి బుడగలూ లివర్‌లోనే దిగిపోతాయి, నావి మాత్రం ఊపిరితిత్తుల దాకా టికెట్ తీసుకున్నాయి అనేది. దాని మీదే జర్నల్‌లో వాళ్ళ పరిశోధన పేపర్ వచ్చింది. ఇప్పుడు కలిపితే ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోయి, ఎక్కడికీ కదలడం లేదట.

ఆవిడ లెక్కలు వండి వడ్డించింది, మనమంతా తిన్నాం అన్నాడట నిలువుటద్దం, మీటింగ్‌లో. కొందరు నవ్వారట. పేపర్ వెనక్కి తీసుకుంటానని జర్నల్‌కి రాస్తాడట. తప్పు మొత్తం ఆమె మీద పెట్టి.

పోయిన మనిషి జవాబు చెప్పదు. అది ఆయనకి బాగా కలిసొచ్చింది.

ఫిబ్రవరి 7, తెల్లవారుతుండగా

కలలో ఆయన గొంతు పట్టుకున్నాను. మెలకువ వచ్చాక కూడా వేళ్ళు అలాగే బిగుసుకుని ఉన్నాయి.

ఫిబ్రవరి 12

చలి పెరిగింది. అత్తయ్య తలకి రాసుకునే కొబ్బరి నూనె గడ్డకట్టింది. స్టవ్ మీద పెట్టమన్నాను. దీనికి స్టవ్వెందుకు బాబూ అని, సీసా గుప్పిట్లో పెట్టుకుని పక్కింటావిడతో కబుర్లలో పడింది. కాసేపటికి కరిగింది.

అలాంటి గుప్పిట నేను ముందే చూశాను.

నా భార్యను ఇంటికి తీసుకురావడానికి ల్యాబ్‌కి వెళ్ళినప్పుడు అద్దాల తలుపులోంచి చూసేవాణ్ణి. స్పిరిట్‌లో కరిగించిన కొవ్వు చిన్న సీసాలో ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి, గుప్పిట్లో పెట్టుకుని, పక్క బల్లతో కబుర్లన్నీ అయ్యాక కలిపేది. చాక్లెట్ దాచుకున్న పిల్లలా ఏంటది అంటే, పాపం దానికి చలేస్తోంది అనేది. అదీ పనిలో భాగమని ఆమె అనుకోలేదు. అందుకే ఎక్కడా రాయలేదు. పద్ధతి రాసి పెట్టే ప్రోటోకాల్‌లో రూమ్ టెంపరేచర్ అని ఉంది. ఆ రూములో మెషీన్ల కోసం ఏసీ వణికేలా పెడతారు. వాళ్ళు కలుపుతున్నది సగం గడ్డకట్టిన కొవ్వు.

నాది కాంక్రీట్ పరీక్షించే ఉద్యోగం. చలిలో కలిపింది ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎవరికీ చెప్పలేదు. ముందు జర్నల్‌కి రాసే ఉత్తరం మీద ఆయన సంతకం పడనీ.

ఫిబ్రవరి 15

ఆయనే ఫోన్ చేశాడు. ఆవిడ ఇంట్లో ల్యాబ్ సంగతులేమైనా చెప్పేదాండీ అని అడిగాడు. గొంతు నిండా తేనె. ఎప్పుడూ మీ గురించేనండీ అన్నాను. సంతోషించాడు.

చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను.

ఫిబ్రవరి 19

ఉత్తరం వెళ్ళిపోయింది, ఆయన సంతకంతో. పక్క బల్ల అమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది. కల్పిత ఫలితాలు అన్న చోట ఆగిపోయింది. పూర్తిగా చదవమన్నాను.

స్పీకర్‌లో అత్తయ్యా వింటోందని చూసుకోలేదు. అంతా చెప్పాల్సి వచ్చింది, నూనె సీసా దగ్గర్నుంచి.  అయితే ఈ వారమంతా నా కూతురు దొంగగా ఉంది, నువ్వు ఉండనిచ్చావు అంది ఆవిడ. ఆయన్ని నిండా ముంచడానికే అన్నాను. ముంచు బాబూ, నేనూ వచ్చి తొక్కిపెడతాను, కానీ నీళ్ళలోకి ముందు తోసింది నా పిల్లని అంది.

 ఆ అమ్మాయికి మళ్ళీ ఫోన్ చేసి గుప్పిట సంగతి చెప్పాను.  అయ్యో బావగారూ, ఆ కబుర్లన్నీ చెప్పింది నాతోనే అంది.

ఫిబ్రవరి 22

ఎల్లుండి నిధులిచ్చే కమిటీ ల్యాబ్‌కి వస్తోంది. వాళ్ళ ఎదుట ఆఖరిసారి ఒక బ్యాచ్ కలిపి, అది కుదరదని చూపిస్తాడట నిలువుటద్దం. కుటుంబం తరఫున రావచ్చని కమిటీ వాళ్ళు నాకూ రాశారు. ముందు నేను రహస్యంగా చేసి చూడనా బావగారూ అంది ఆ అమ్మాయి. వద్దన్నాను. కుదరకపోతే నా మొహం పగులుతుంది. కుదిరితే మాత్రం మొదటిసారి ఆయన కళ్ళముందే కుదరాలి.

ఫిబ్రవరి 23

అత్తయ్య సాయంత్రం నుంచీ చేతులు శాలువాలోంచి బయటికి తీయడం లేదు.

రేపు ఉదయం ఆవిణ్ణి తీసుకుని ల్యాబ్‌కి వెళ్తాను. ఆ అమ్మాయి ఫ్రిజ్‌లోంచి తీసే సీసా, కలిపేదాకా ఆవిడ గుప్పిట్లో ఉంటుంది. కలిపేది ఆయన. బుడగల సైజు కొలిచే మెషీన్ మీద అంకె పైకి చదివేదీ ఆయనే. నేను చేతులు కట్టుకుని ఆయన మొహం చూస్తూ నిలబడతాను.